బావగారి మూడో తొట్టి

మా ఫ్లాటుకి ఎదురుగా కార్లు కడిగే షెడ్డు పెట్టారు. నీళ్ళు కొట్టి నురగ పట్టించడానికి నలుగురు కుర్రాళ్ళు, తుడవడానికి ఒక్కడు. నురగతో కార్లు వీధి దాకా నిలబడిపోతే, యజమాని వచ్చి నీళ్ళు కొట్టేవాళ్ళనే ఇంకా తొందరగా కానివ్వమని కేకలేస్తాడు. మొన్న ఉండబట్టలేక బాల్కనీలోంచి అరిచాను, "కడగడం ఆపించు నాయనా, ముందు తుడిపించు!" అని. అతను పైకి చూసి నవ్వి చెయ్యి ఊపాడు. మా అమ్మాయి సిగ్గుపడి నన్ను లోపలికి లాగి తలుపేసింది. లోపల మాత్రం నిలవగలనా? ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. ఈ జబ్బు నాకు రాజాంలో అంటుకుంది.

అరవైల చివర్లో నేను ఆ ఊరికి కోడలిగా వెళ్ళాను. అత్తవారిది ఉప్పుడు బియ్యం మిల్లు. నడిపేది మా బావగారు, అంటే మావారి అన్నగారు. మావారికి విజయనగరంలో ఉద్యోగం, ఆదివారాలకే వచ్చేవారు. మిగతా రోజులు నాకు మేడమీద కిటికీయే లోకం, కిటికీ కింద మిల్లు. రైతులు తెచ్చిన ధాన్యం తొట్లలో నానాలి, దానికి ఆవిరి పట్టాలి, గచ్చు చేసిన కళ్ళం మీద ఆరబెట్టాలి, ఆ తర్వాతే మరపట్టాలి. నానిన ధాన్యాన్ని వేళకి తియ్యకపోతే పులిసిపోతుంది. ఆ వాసన బియ్యంలోకి వస్తుంది, అన్నంలోకీ వస్తుంది, ఎంత కడిగినా పోదు.

బావగారు మంచివారే కాని నిలకడ లేని మనిషి. భోజనానికి కూర్చున్నా సగం లేచినట్టే ఉండేవారు. ఏదీ ఊరికే ఉండటం చూడలేరు. బండి ఊరికే నిలబడితే బండివాడితో తగువు, ఇంజను ఆగితే ఇంజనుతో తగువు. మా తోడికోడల్ని నేను అక్కా అనేదాన్ని. "నిద్దట్లో కూడా మిల్లు తిప్పుతారే ఈయన" అని నవ్వేది ఆవిడ. అలాంటి మనిషి ఆ ఏడాది కొబ్బరికాయ కొట్టి మూడో తొట్టి కట్టించారు. కళ్ళం మాత్రం ఉన్నంతే ఉంది. అది పెంచాలంటే పక్కవాళ్ళ దొడ్డి కొనాలి, వాళ్ళు అమ్మరు. తొట్టయితే మన చోటులో మనం కట్టుకోవచ్చు కదా!

ఇక చూడండి నా అవస్థ. నానిన ధాన్యం తొట్లలో కాసుకుని ఉండేది, కళ్ళం ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆడవాళ్ళు పాదాలతో ధాన్యాన్ని తిరగేస్తూ నడుస్తుంటే బావగారు వాళ్ళ వెనకాలే తిరిగేవారు, "బేగి నడండర్రా, బేగి!" అంటూ. ఒకామె ఆగి నడుం మీద చెయ్యి వేసుకుంది. "మేం బేగి నడిస్తే ఎండ బేగి కాస్తాదేటి బాబూ?" అంది. ఆయన ఇంకో వరస వెనక్కి వెళ్ళిపోయారు.

దానికి జవాబు నా దగ్గర ఉంది, కాని చెప్పే దారి లేదు. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదట పడకూడదు, మాట్లాడకూడదు. ఆయన దగ్గు వినిపిస్తే నేను తలుపు చాటుకి వెళ్ళిపోవాలి. అందుకని అక్క వెంటపడేదాన్ని. "కల్లం కాళీ అయ్యేదాకా నానెయ్యొద్దని సెప్పక్కా." అక్క తల అడ్డంగా ఊపేది. "నానేటి సెప్పగలనే? తొట్టి కాళీగా కనిపిస్తే ఆయనకి కడుపులో మంటగా ఉంటాది." నాకు మాత్రం నిండిన తొట్లు చూస్తేనే మంట. కిటికీ దగ్గర గాజులు తిప్పుకుంటూ నిలబడేదాన్ని.

మార్గశిరంలో ముసురు పట్టింది. రెండు తొట్లూ నిండే ఉన్నాయి, కళ్ళం మీద తడి ధాన్యం తాటాకు చాపల కింద ఉంది. మూడో తొట్టి ఒక్కటే ఖాళీ, దాని చుట్టూ బావగారు తిరుగుతున్నారు. అప్పుడే పక్క ఊరి రైతు రెండు బళ్ళ ధాన్యం తోలుకొచ్చాడు. "మబ్బుగా ఉన్నాది బాబూ, ఎండొచ్చాక ఎయ్యండి. మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఇది" అన్నాడు.

"తొట్టి కాళీగా ఎట్టుకుని ఏటి సేస్తాం మావా? రేపు ఎండొస్తాది. దింపండర్రా!" అన్నారు బావగారు.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. మిల్లు వాకిట్లో, అందరి ముందూ, ఆయన ఎదట నిలబడ్డాను. "బావగారూ, దింపించకండి. ఉన్న రెండు తొట్లే కల్లం కోసం కాసుకున్నాయి."

చాపలు సర్దే ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. బావగారు నావైపు చూడలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నా వెనకే పరిగెత్తుకొచ్చిన అక్కతో అన్నారు: "ఒసే, మీ సెల్లిని లోపలికెల్లమను." ఆ తర్వాత కూలీల వైపు తిరిగి, "సూస్తారేటి? దింపండి!"

నలుగురిలో అనకపోతే వినేవారేమోనే అని అక్క తర్వాత చాలాసార్లు అంది. నేనొప్పుకోను. వినేవారు కాదు. ఇప్పటికీ నాకు కోపమే.

ముసురు విడవలేదు. కాస్త తెరిపిచ్చినప్పుడల్లా ముందున్న రెండు తొట్ల ధాన్యమే కళ్ళం ఎక్కింది, మూడోదానికి చోటు రాలేదు. మూడో తొట్టి పుల్లటి వాసన నా కిటికీ దాకా వచ్చింది. ఎలాగో ఆరబెట్టి మరపట్టాక రైతు బళ్ళు తోలుకొచ్చి, గుప్పెడు బియ్యం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అరవలేదు. "పిల్లలు తినలేరు బాబూ" అన్నాడంతే. బావగారు కదలకుండా నిలబడటం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కాసేపటికి లోపలికొచ్చి, మా ఇంటి తిండికని దాచిన బస్తాలన్నీ ఆ బళ్ళకి ఎత్తించారు. పులిసిన బియ్యం మా కొట్టుగదిలోకి వచ్చాయి.

ఇక పూటపూటా అదే అన్నం. అక్క ఎంత చింతపండు పులుసు పోసినా, ఎంత మజ్జిగ కలిపినా ఆ వాసన ముందు విస్తట్లోకి వచ్చి కూర్చునేది. బావగారు మారు వడ్డించుకుని మరీ తినేవారు. అది చూస్తే నాకు కోపమూ జాలీ కలిసి వచ్చేవి. ఒకరోజు పొద్దున్నే నా గది తలుపు అవతల దగ్గు వినిపించింది. "ఒసే, ఈయేల తొట్టిలో దింపమంటాదా, ఒద్దంటాదా, అడుగు!" అన్నారు అక్కతో. అక్క వంటింట్లో ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "కల్లం సూసొచ్చారేమో అడుగక్కా" అన్నాను తలుపు చాటునుంచి. ఆయన చెప్పులు కళ్ళం వైపు వెళ్ళిన చప్పుడు వినిపించింది.

ఆ తొట్టి నింపడానికి ఆయనకి ఒక్క పూట చాలింది. ఆ ఒక్క పూటని తిని అరిగించుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఏడాది పట్టింది.