రెండో స్థానం కోసం అమ్మమ్మ పోట్లాట

మా అమ్మమ్మకి కోపం వస్తే కుట్టుమిషను వేగం పెరుగుతుంది. ఆ నవల వచ్చిన నెలలో ఆమె కుట్టే దుకాణంలో స్కూలు యూనిఫారాలు గుట్టలు పడ్డాయి.

ఒకప్పుడామె పరుగుల మనిషి. ఇప్పుడు వంటింట్లోంచి గుమ్మందాకా నడిచి, మోకాళ్లు పట్టుకుని నన్ను తిడుతుంది, అవి నా మోకాళ్లయినట్టు. నలభై ఏళ్ల కిందట పది కిలోమీటర్ల పందెంలో ఆమెది రెండో స్థానం. మొదటి స్థానం పక్కమిషను మీద కుట్టే పొడుగమ్మమ్మది. ఆవిణ్ణి అసలు పేరుతో ఎవరూ పిలవరు.

ఆ పందెం మీద ఒకాయన నవల రాశాడు. పేర్లు మార్చాడు గాని, ఊరంతా గుర్తుపట్టేసింది. అందులో పొడుగామె కళ్లు తిరిగి పడిపోతుంది. మా అమ్మమ్మ ఆగి, లేవదీసి, గెలుపు ఆమెకే వదిలేస్తుంది. చదివినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చి, ఆనక వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

పొడుగమ్మమ్మ మాత్రం తన మిషనును గోడవైపు తిప్పేసుకుంది.

"నా గెలుపు నువ్వేసిన ముష్టిటగా!" అంది. అంతే, ఆపైన మాటల్లేవు.

"నేనేమైనా రాయమన్నానటే?" అని అమ్మమ్మ ఆ వీపుతో నెల్లాళ్లు మొత్తుకుంది.

గ్రంథాలయంలో సభ పెట్టి అమ్మమ్మని వేదికెక్కించారు. వెనక వరుసలో పొడుగమ్మమ్మ, మూతి ముడుచుకుని. రచయిత మైకందించాడు.

"చెప్పండమ్మా, ఆరోజు ఎందుకాగారు?"

"ఆగలేదు నాయనా. చచ్చేట్టు పరిగెత్తాను. అది నాకంటే బాగా పరిగెత్తింది. ఆఖరిదాకా దాని వీపే చూశాను. ఈ నెలంతా కూడా అదే వీపు."

హాలు గొల్లుమంది. రచయిత ఇబ్బందిగా నవ్వాడు. "నవల కదమ్మా, కల్పన ఉంటుంది."

"కల్పించుకో. నన్ను దొంగని చెయ్యి, దయ్యాన్ని చెయ్యి. దాని పతకం మాత్రం తెచ్చి నా మెడలో వెయ్యకు."

"మంచి కథని చెడగొట్టిందిరా ముసల్ది!" అని ఎవరో అరిచారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు లేచిపోయారు. వీధిలో నా గొప్ప గంగలో కలిసింది. అయినా, ఓడిపోయానని మైకులో అంత గట్టిగా చెప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆ చిన్న మనిషి వేదిక మీద ఎంత ఎత్తుందో!

మర్నాడు దుకాణానికి వెళ్లేసరికి పక్కమిషను ఇటు తిరిగి ఉంది.

"ఎన్నడుగులు వెనకబడ్డావే?" అంది పొడుగమ్మమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నాలుగు."

"పది!"

"ఆరు. అంతకుమించి ఒక్కడుగు కూడా ఇవ్వను, పో."