తాలు మిర్చి పటం

ఎర్ర మిర్చి బస్తాలన్నీ మార్కెట్‌కి పోయాక మా గోదాములో మిగిలేది తాలు. పండకముందే ఎండి, రంగు వెలిసి, తెల్లబారిన కాయని తాలు అంటారు. మావారు దాన్ని ఒక మూలకి నెట్టించి మళ్లీ అటు చూడరు. నేను ఆ మూల దగ్గరే ఆగిపోయేదాన్ని. గంజి తెలుపు, పాత ఇత్తడి, మాసిన పసుపు, అక్కడక్కడా ఎర్ర జీర. కొన్న రంగు డబ్బాల్లో ఇవెప్పుడూ నాకు దొరకలేదు.

కాలేజీ రోజుల నుంచీ బొమ్మలు వేస్తున్నాను. మనుషుల్నీ చెట్లనీ వేసి వేసి విసుగొచ్చి, ఆకారం లేని పటాలకి దిగాను. ఆ ఎండాకాలం మేడ మీద కూర్చుని, గోనెసంచులు విప్పి కుట్టి చెక్క చట్రానికి బిగించాను. తాలు కాయలు చీల్చి, గింజ దులిపి, తొక్కల్ని తుమ్మబంకతో అతికించాను. మధ్య మధ్య మిర్చి తొడిమలు, కింద నల్లరేగడి మట్టి. చేతులు భగ్గున మండేవి. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చునేదాన్ని.

"ఇదేం బొమ్మ?" అన్నారు మావారు ఓ సాయంత్రం పైకొచ్చి.

"ఏ బొమ్మా కాదు. జరసేపు నిలబడి సూడున్రి."

"సూస్తనే ఉన్న. తాలే కనవడుతాంది."

నాకేం బాధనిపించలేదు. పని కుదిరిందని నాకు తెలుసు.

హనుమకొండలో ఓ హాలులో అయిదుగురం కలిసి ప్రదర్శన పెట్టాం. మొదటి పొద్దున ఏసీ వేసి తలుపులన్నీ మూశారు. మేడ మీద గాలికి తెలియని ఘాటు అక్కడ గదంతా కమ్మేసింది. ముఖ్య అతిథి ప్రసంగం మొదలుపెట్టి మూడు తుమ్ములు తుమ్మారు. వెనక వరసలన్నీ అందుకున్నాయి.

హాలు చూసుకునే ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మేడం, దీన్ని తీసేద్దాం మేడం. ఇంకేదన్న మంచి పెయింటింగ్ తెచ్చుకోన్రి."

"తియ్య. బయట వరండాల పెడ్త. గాలికి ఘాటంత పోతది."

పటం ఓ కొస నేనెత్తాను. మావారు తుమ్ముతూనే వచ్చి రెండో కొస పట్టుకున్నారు.

మర్నాడు మా గోదాములో తొడిమలు తీసే ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. రమ్మన్నది నేనే. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చేవాళ్లో కాదో గానీ, వరండా మెట్లు మాత్రం చనువుగా ఎక్కారు. ఒక్కరికీ తుమ్ము రాలేదు. వాళ్లలో పెద్దావిడది పరకాల వైపు ఊరు. పటం దగ్గరగా వచ్చి వేలితో చూపించడం మొదలుపెట్టింది.

"గిది మొదటి ఏరుడు కాయ. గిది వాన తాకింది. ఇగో, గీడ తెల్లగున్నది ఆఖరి ఏరుడు. చేనుకు నీళ్లు సాలలే."

"నేను రంగు సూసి పెట్టిన, గంతే అవ్వా. ఏరుడు సంగతి నాకు తెల్వది."

"మేం గుడ రంగు సూసే సెప్తం గదమ్మా."

ఏళ్ల తరబడి నా పటాల మీద ఎన్నో మాటలు విన్నాను. అంత సూటి మాట ఎవరూ అనలేదు. ఆమె ఇంకా వదల్లేదు.

"గా కింది మూలకు మట్టి ఎక్కువైంది. తీసెయ్యరాదు?"

"లేదవ్వా. అది గట్లనే ఉండాలె."

ఆమె వెనక్కి జరిగి, తల ఓ పక్కకి వంచి కాసేపు చూసింది. "సరే తియ్. నీ చేను, నీ ఇష్టం" అంది. మిగతావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మట్టి ముట్టుకోలేదు.

ప్రదర్శన అయిపోయాక, పటాన్ని ఇంకో వారం ఉంచమని హాలాయనే అడిగాడు. ఆగి చూసేవాళ్లు వరండాలోనే ఎక్కువట.

ఇప్పుడు పత్తికాయ డొప్పలతో పని చేస్తున్నాను. ఈసారి చట్రం మా మెట్లదారి కన్నా వెడల్పైంది. కిందికి ఎట్లా దించుతావని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. ముందు పూర్తి కానివ్వండి, దించే సంగతి తరువాత చూద్దాం అంటున్నాను.