ఎస్తేరమ్మ ఎవరికీ పెట్టనివ్వని పేరు

నేను కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని. చదివింది మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో. పదో తరగతి లెక్కల్లో స్కూలు ఫస్టు. తుఫానుకు స్తంభాలన్నీ నేల కరిచినప్పుడు జిల్లాలో అందరికంటే ముందు కరెంటు ఇచ్చింది మా సెక్షనే. కలెక్టరుగారు స్టేజీ మీద శాలువా కప్పారు. కొడుకు దగ్గరికి మాంట్రియల్ వచ్చాక, అరవై ఏడో ఏట, ఈ మంచులో డ్రైవింగ్ లైసెన్సు కూడా సంపాదించాను. మా వంశంలో ఏడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పగలను. పక్క ఫ్లాటు ఎస్తేరమ్మ అన్నను వెతికే పని తలకెత్తుకునే ముందు ఆవిడకూ ఇవన్నీ వివరంగా చెప్పాను.

"అయిపోయిందా రావ్? అయితే కూర్చో. టీ చల్లారిపోయింది" అంది ఆవిడ.

ఎస్తేరమ్మ యూదుల ఆడపడుచు. ఎనభై ఏడేళ్ళుంటాయి. యూరప్‌లో యుద్ధం ముగిశాక తల్లి చెయ్యి పట్టుకుని ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. పదహారో ఏటి నుంచి కోట్ల ఫ్యాక్టరీలో లోపలి అస్తరు కుట్టే పని. "ఈ ఊళ్ళో సగం మంది వీపులకు ఆనుకున్నది నా కుట్టే" అనేది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించుకోలేదు. కళ్ళు మసకలు, వేళ్ళు వంకర్లు. భర్తా పోయాడు, కొడుకూ పోయాడు. మనవరాలు రేచెల్ మిగిలింది. ఆ పిల్లకు అప్పుడు నాలుగో నెల, పుట్టేది మగపిల్లాడని డాక్టరు చెప్పాడు. ఆ బిడ్డకు హెర్షెల్ అని పేరు పెట్టుకోవాలని రేచెల్ ఆశ.

హెర్షెల్ ఎస్తేరమ్మకు అన్న. పద్నాలుగేళ్ళప్పుడు, యుద్ధంలో, ఒక రైలు స్టేషను తొక్కిసలాటలో తల్లి చేతిలోంచి జారిపోయాడు. మళ్ళీ కబురు లేదు. వాడు పోయాడని నికరంగా తెలిసేదాకా ఇంట్లో ఏ బిడ్డకూ ఆ పేరు పెట్టొద్దని తల్లి మాట తీసుకుంది. ఎస్తేరమ్మ తన కొడుక్కి పెట్టలేదు, మనవరాలినీ పెట్టనివ్వడం లేదు. ఆ తల్లి ఒక్కతే కడుపుకోతతో పెట్టిన ఆన అనుకున్నాను నేను.

"ఉంటే వందకు దగ్గర పడేవాడు. ఇంకా ఉంటాడా అమ్మా? పెట్టేయండి" అన్నాను.

"మా అమ్మ నూట ఒకటి దాకా ఉంది" అంది. తరవాత వారం రోజులు తలుపు కొట్టినా తియ్యలేదు.

అందుకే వెతుకుదామని నేనే పూనుకున్నాను. లైబ్రరీలో యూదుల కుటుంబ చరిత్రను కంప్యూటర్లో వెతకడం నేర్పే క్లాసు ఉంది. వారానికొకసారి ఆవిడను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయేవాణ్ణి.

"మామయ్యగారూ, ఈ ఐస్‌లో వాక్ చేస్తారా? నా మీటింగ్ అయ్యాక డ్రాప్ చేస్తా కదా!" అనేది మా కోడలు ధాత్రి.

"నీ మీటింగు అయ్యేసరికి లైబ్రరీకి తాళం పడుతుందమ్మా."

క్లాసు చెప్పే పెద్దాయన మొదటి రోజే అన్నాడు, ఇంటిపేరును పట్టుకు వేలాడొద్దని. వీళ్ళకు ఇంటిపేర్లు ఆలస్యంగా వచ్చాయట, దేశం దాటినప్పుడల్లా మారిపోయేవట. పుట్టిన ఊరూ, తల్లిదండ్రుల పేర్లూ పట్టుకోమన్నాడు. ఇంటిపేరు లేని వంశమేమిటని నేను వినలేదు. చలికాలమంతా ఆ ఇంటిపేరుతోనే వెతికాను. జర్మనీ, పోలండ్, అమెరికా, ఎక్కడా మనవాడు లేడు. ఎస్తేరమ్మ పక్క కుర్చీలో కోటు విప్పకుండానే కునికేది. నా కళ్ళు మండేవి. ఇంటికొచ్చి బూట్లు విప్పుకునే ఓపిక ఉండేది కాదు. "చాలు రావ్, ఇక మానేద్దాం" అందొకరోజు. మానేద్దామనే నాకూ ఉంది. కానీ తెగిన తీగ దొరక్కుండా నేనెప్పుడూ స్తంభం దిగలేదు.

మంచు కరిగాక ఆవిడ తల్లి సమాధి దగ్గరికి వెళ్ళాం. వీళ్ళు రాతి మీద చనిపోయినవాళ్ళ తండ్రి పేరు కూడా చెక్కిస్తారు. ఫోటో తీసి చూపిస్తే ఆ హీబ్రూ రాతను క్లాసు పెద్దాయన చదివాడు: హయా, జాల్మన్ కూతురు. అంటే హెర్షెల్‌కు తల్లి తరఫు తాత జాల్మన్. తండ్రి మెండెల్ అని ఎస్తేరమ్మకు తెలుసు. ఊరి పేరుతో కలిపి, ఇలా వెతుక్కునేవాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకునే వెబ్‌సైట్లో ప్రశ్న పెట్టాను. ఇంగ్లీషు నాదే, ధాత్రి ఒక్క తప్పే దిద్దింది.

వసంతంలో అర్జెంటీనా నుంచి క్లారా అనే ఆవిడ జవాబిచ్చింది. మా నాన్న హెర్షెల్ది ఆ ఊరే, ఆయన తండ్రి మెండెల్, తల్లి హయా, తాత జాల్మన్. స్టేషనులో తప్పిపోయిన కథ మేమూ విన్నాం. నాకిద్దరు కొడుకులు, నలభై ఏళ్ళ పెద్దవాడికి నాన్న పేరే. ఇంతే రాసింది.

చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండానే ఎస్తేరమ్మ తలుపు బాదాను.

"దొరికాడమ్మా! అర్జెంటీనాలో! కూతురుంది, ఇద్దరు మనవలు! పెద్దవాడికి మీ అన్న పేరే పెట్టుకున్నారు! తాత పేరు మోస్తూ నలభై ఏళ్ళ మనవడు, ఇంకేం కావాలి?"

ఆవిడ ముఖంలో రంగు పోయింది. గోడ పట్టుకుని కుర్చీ వెతుక్కుంది.

"ఎవరి పేరన్నావు?"

"మీ అన్నదే. మా ఇంట్లోలాగే. మా మనవడి అసలు పేరు అమరేశ్వర్, అది నా పేరేనమ్మా, చివరి రావ్ ఒక్కటే తీసేశారు. మామగారి పేరు నోటితో పలకకూడదని కోడలు చింటు అంటుంది."

"నువ్వు బతికుండగానే పెట్టారా?"

"మరి? నేను చూసి ఆనందించొద్దా?"

ఆవిడ నావైపు చూసింది. కోపం లేదు, అలసట ఉంది.

"మాలో బతికున్నవాడి పేరు బిడ్డకు పెట్టరు రావ్. మా అమ్మ ఒక్కతే కాదు, మేమెవ్వరం పెట్టం. వాడి పేరు మనవడికి పెట్టారంటే అప్పటికే వాడు లేడు. ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందని వాడి కూతురు విడిగా రాయలేదు."

నా చేతిలో టాబ్లెట్ బరువెక్కింది. అంత శుభవార్తలా ఎవరి చావూ నేనెప్పుడూ మోసుకెళ్ళలేదు.

"నలభై ఏళ్ళు," అంది. "అమ్మకంటే ముందే. వాడు పోయాక కూడా మేమిద్దరం వాణ్ణి బతికిస్తూనే ఉన్నాం." వంకరపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. "కూతురుందన్నావు కదా. ఏం పని చేసేవాడట?"

"రాయలేదు. అడుగుతాను."

"అడుగు. పోయిన తేదీ కూడా అడుగు, సంవత్సరీకానికి దీపం పెట్టాలి." తరవాత కళ్ళు మూసుకుని ఫోను నావైపు తోసింది. "ముందు రేచెల్‌కు కలుపు. నాకు అంకెలు కనపడవు."

కలిపాను. రెండో రింగుకే ఎత్తింది ఆ పిల్ల. ఎస్తేరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"రేచెల్," అంది. "పెట్టుకో అమ్మా."