జీడిరసంతో గీసిన పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మవారు ముందు నా తమ్ముడికి పోసింది. వాడి మంచం నడవలో వేసి, చుట్టూ వేపమండలు కట్టి, పక్కన నన్ను కూర్చోబెట్టారు. విసరడం నా పని. వాడు గోక్కోకుండా చేతులు పట్టుకోవడం నా పని. వాడి పొక్కులు మాడి, వాడు లేచి గోళీలాటకు పోయేసరికి నా ఒళ్ళు కాలడం మొదలైంది. మర్నాడే నాన్న నన్ను తీసుకెళ్ళి మా జీడితోట పాకలో పెట్టాడు. ఇంట్లో చంటిపిల్ల ఉందన్నారు. తమ్ముడికి పరీక్షలన్నారు. తమ్ముడికి పోసినప్పుడు కూడా ఆ చంటిపిల్ల ఇంట్లోనే ఉంది. ఆ మాట అప్పుడు నాకు నోట రాలేదు. ఇన్నేళ్ళకి ఇలా రాస్తున్నాను.

మాది పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానంలో ఒక ఊరు. అప్పుడే మా ఊరికి ఎస్టీడీ బూత్ వచ్చింది, బడి పక్కన తుఫాను షెల్టరు కడుతున్నారు. అది జీడిపిక్కలు రాలే కాలం. తోట కాపలాకి నాయనమ్మ రాత్రిళ్ళు వచ్చి పాక బయట పడుకునేది. అమ్మ చంకలో పిల్లతో వచ్చి, గంజి కంచె దగ్గర పెట్టి, ఒక కేక వేసి వెళ్ళిపోయేది. నాన్న పలాసలో జీడి బట్టీ దగ్గర పిక్కలు వేయించే పనికి ఆ కంచె పక్క దారినే సైకిలు మీద వెళ్ళేవాడు. పాక దగ్గరికి రాగానే గంట కొట్టేవాడు. ఆగేవాడు కాదు. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట. తమ్ముడు మంచంలో ఉన్నప్పుడు ఆ మనిషే పనికి నాగా పెట్టి వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

భయం లేకుండా నా దగ్గరికి వచ్చింది పక్కతోట అక్క ఒక్కతే. ఆమెకి చిన్నతనంలోనే పోసి తగ్గిపోయిందట. వాళ్ళు యేసుని నమ్ముకున్నవాళ్ళు. ప్రార్థన మందిరంలో విడిపోయిన పాటల పుస్తకాలన్నీ కుట్టేది ఆమే. నేను కోపంతో పాక గోడ నిండా బొగ్గుతో గీతలు గీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏటే గుంటా, గోడని కొడతన్నావా, గీత్తన్నావా?” అని నవ్వింది. “బొగ్గుతో గీత్తే రేపు మీ నాయనమ్మ పేడతో అలికెయ్యదా? ఎవలూ సెరపనేనిదాన్తో గియ్యి.”

ఆ సాయంత్రం షెల్టరు కడుతున్న చోట పారేసిన సిమెంటు సంచులు దులిపి తెచ్చింది. సంచి లోపలి కాగితాలు విడదీసి, మడతపెట్టి, ఇటుకల కింద అణిచింది. మర్నాడు తుమ్మముల్లుతో కన్నాలు పొడిచి, వల అల్లే దారంతో కుట్టడం నా చేత చేయించింది. అట్టకి కొబ్బరి మట్ట మొదట్లో ఉండే జల్లెడలాంటి నారని గంజితో అంటించింది. సిరా జీడిరసం. పచ్చిపిక్కని రాయితో చితక్కొడితే పెంకులోంచి కారే రసం అది. చీపురుపుల్లతో గీస్తే ముందు గోధుమరంగులో ఉండి, తర్వాత నల్లబడుతుంది. ఇంక దానిని ఏ సబ్బూ వదిలించలేదు.

నాకు అక్షరాలు నేర్పమని అడిగాను. “అచ్చరాలకేటి, తరవాతొత్తాయి. ముందు నీ కడుపులో ఉన్నది గియ్యి” అంది.

గీశాను. వేపమండల మధ్య మంచం. విసనకర్ర పట్టుకున్న నా చెయ్యి. కంచె దగ్గర గంజి ముంత, దాని చుట్టూ కాకులు. ఇక నాన్నని గీయాలనుకున్న రోజు సైకిలు గంట మామూలుగానే మోగి, మామూలుగానే దూరమైపోయింది. కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. పిక్క ముట్టుకునే ముందు వేళ్ళకి బూడిద రాసుకోవాలని మా వైపు పాకే పిల్లకి కూడా తెలుసు. నేను రాసుకోలేదు. వట్టి చేత్తో పిక్క చితిపి, వేలితోనే గీశాను. నాన్న వీపు గీశాను, రెండు చక్రాలు గీశాను. సాయంత్రానికి వేలు బుడగలా పొంగి తోలు ఊడిపోయింది.

అక్క కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. “కోపం ఎవల మీద? కాలింది ఎవలికే?”

“నాను కోపం మానను” అన్నాను.

“మానమన్నానేటి? బూడిద రాసుకోమన్నాను.”

నాకు తగ్గాక వేపాకు, పసుపు నీళ్ళు పోశారు. అమ్మవారు దిగిన చోట వాడినవన్నీ కాల్చెయ్యడం ఆచారం. నాన్న చాప, దుప్పటి, ముంత తుడిచిన గుడ్డ అన్నీ తోట చివర కుప్ప వేసి నిప్పు పెట్టాడు. తమ్ముడి దుప్పటి ఉతికి ఆరేసిన సంగతి నాకు గుర్తుంది. ఆఖరికి నాన్న నా పుస్తకం ఎత్తాడు. నేను అరిచాను. ఆయన వినలేదు.

“మావా, అది మంటలో ఎయ్యకు” అని కంచె అవతలనుంచి అక్క పిలిచింది. “దాన్నిండా జీడిరసమే. ఆ పొగ తగిల్తే మొకం పొక్కిపోతాది. బట్టీలో పనిసేసీవోడివి, నీకు తెలీదేటి?”

ఆయనకి తెలుసు. ఆ పొగకి ఆయన కనురెప్పలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అక్క ఆ సిరా ఎందుకు ఎంచుకుందో నాకు అప్పుడు అర్థమైంది. చెరపడానికి వీల్లేనిది, కాల్చడానికి కూడా వీల్లేనిది.

నాన్న పుస్తకం తెరిచాడు. ఆయనకీ చదువు రాదు. కానీ దాన్ని చదవడానికి చదువు అక్కర్లేదు. మంచం చూశాడు, ముంత చూశాడు, సైకిలు దగ్గర ఆగిపోయాడు. “సక్రాలు వంకరగా ఏసినావు” అన్నాడు.

“ఆగితే బాగా ఏసీదాన్ని” అన్నాను.

చెయ్యెత్తాడు. నా ముఖం నిండా మానీ మానని మచ్చలు. ఎత్తిన చెయ్యి దించి, పుస్తకం కంచె గుంజ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాటకి ఆయన మారిపోయి నన్ను బడికి పంపాడని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. పంపలేదు. బళ్ళు తెరిచాక తమ్ముడు సంచి తగిలించుకుని వెళ్ళాడు, నేను పిక్కలు కొట్టే పనికి వెళ్ళాను. అక్కకి ఆ ఏడే నందిగాం వైపు పెళ్ళయిపోయింది. తరవాతొస్తాయన్న అక్షరాలు ఆమెతోపాటే వెళ్ళిపోయాయి. అవి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి నా జుట్టు నెరుస్తోంది. నేర్పింది నా కూతురు. దాన్ని పనికి పంపమని చెప్పినవాళ్ళకి నేనేం జవాబు చెప్పానో మా వీధికంతా తెలుసు.

ఇప్పుడు నాన్న లేడు. తండ్రి పోయాక ఇంకా కోపమేమిటని తమ్ముడు అంటాడు. వాడు అనగలడు. వాడి దగ్గర సైకిలు ఆగింది.

పుస్తకం నా దగ్గరే ఉంది. అంచులు చెదలు తిన్నాయి కానీ, గీత తినలేదు. చదువు వచ్చాక మొదటిసారి నా అంతట నేను రాసింది అందులోనే. ఒక పచ్చిపిక్క చితక్కొట్టి, చీపురుపుల్ల ముంచి, ఆ వంకర చక్రాల కింద రాశాను: నాన్న ఆగలేదు. రాసే ముందు, వేళ్ళన్నిటికీ మందంగా బూడిద రాసుకున్నాను.