యాకమ్మ ముందు కూడబలుక్కున్న కాగితం

2023 వానకాలం. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో బీపీ, షుగర్ మీద ఒక ఆరోగ్య పరిశోధన మొదలైంది. మా ఊళ్లో ఇళ్లు చూపించే పని నాది. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, అంతకన్నా పెద్ద పని ఎవరిస్తారు?

మనుషులను చేర్చడానికి ముందు ఫోన్లు చేశారు. ఓటీపీ దొంగలనుకుని అందరూ కట్ చేశారు. తర్వాత బడిలో క్యాంపు పెట్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లంతా వచ్చారు గానీ శాంపుల్ లిస్టులో ఉన్నవాళ్లు రాలేదు. శాంపుల్ లిస్టంటే చీటీలు తీసినట్టు ఎంచిన పేర్లు. ఒకరు రాకపోతే పక్కింటివాళ్లను ఎక్కించడానికి లేదు. ఇక మిగిలింది ఇంటింటికీ తిరగడం. అదీ కుదరకపోతే మా ఊరినే వదిలేస్తామని, నా పనీ అంతటితో సరని సూపర్‌వైజర్ ముఖం మీదే చెప్పాడు.

మొదటి ఇల్లు యాకమ్మది. వాడకట్టంతా ఆమె మాట వింటుంది. పరిశోధనవాళ్ల తరఫున నాతో వచ్చిన సునీత డిగ్రీ చదివింది. కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు కాగితం, గడగడా చదివేసి ఇంకుప్యాడ్ ముందుకు జరిపింది. యాకమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఏలిముద్ర నేనెయ్య. మా మామ గిట్లనే ఏసి ఎకరం పోగొట్టుకున్నడు."

"ఇది భూమి కాగితం కాదు పెద్దమ్మా, జర నమ్ము" అంది సునీత.

"ఆనాడు రాయించుకున్నోడు గూడ గట్లనే అన్నడు."

నేనూ ఏళ్ల తరబడి వేలిముద్ర వేసినదాన్నే, ఆ భయం నాకు తెలుసు. కాగితం తీసుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.

"ఏంది వదినె, పొద్దుగూకేదాక సదువుతవా?" అని నవ్వింది యాకమ్మ. నవ్వుతూనే మాటమాటకూ ఆపి అడిగింది. నెత్తురు ఎంత తీస్తరు? నా సంగతి ఎవలకు చెప్తరు? తెలిసినంత చెప్పాను.

చివరి వాక్యం దగ్గర, వదిలెయ్యమని సునీత నన్ను గిల్లింది. నేను వదల్లేదు. "ఇష్టం లేకపోతే చేరనక్కరలేదు. చేరినా ఎప్పుడైనా మానుకోవచ్చు."

"మళ్ల సదువు."

చదివాను. వద్దంటే లేచి రావాల్సిందే.

"భూమి గుంజుకునేటోడు, ఇష్టం లేకుంటే వద్దని చెప్తడా?" అంటూ యాకమ్మ కొంగులోంచి చెయ్యి తీసింది. "పక్కింట్ల గూడ గిట్లనే సదువు. ఆ పిల్ల లెక్క ఉరకకు."

ఇంకుప్యాడ్ మీద తనే వేలు అద్ది కాగితం మీద ముద్ర వేసింది. తర్వాతి ఇళ్లలో చాలామంది ఒప్పుకున్నారు, వద్దన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేశాం. ఊరు లిస్టులో నిలిచింది, నా పనీ నిలిచింది.

గడప దాకా పోతే సరిపోదు. వద్దనే దారి కూడా మనమే చూపించాలి, అప్పుడే ఎదుటి మనిషి సరే అంటుంది. సునీత ఇప్పటికీ నాకన్నా వేగంగానే చదువుతుంది. ఆ వాక్యం దగ్గర మాత్రం ఆగుతుంది.