ఆకుపచ్చ దీపం కింద నా పేరు

బెంగళూరులో వర్తూరు చెరువు పక్కన మేం ఫ్లాట్ కొనుక్కున్న ఏడాదే నాకు అక్కడి గాలి మీద అనుమానం మొదలైంది. చెరువు నురగ కక్కినప్పుడు టీవీ వాళ్ళు వచ్చిపోయేవారు. మిగతా కాలమంతా ఆ వాసన మాది.

నేను హూడిలో ఒక ఆఫీసులో ప్రోగ్రామర్ని. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, దాని మీద తగిలించే సెన్సర్ బోర్డు తెప్పించాను. బోర్డు గాలిలోని దుమ్మునీ వాయువులనీ పసిగడుతుంది కానీ, అది పంపేవి వట్టి అంకెలు. వాటిని మనిషికి అర్థమయ్యేలా మార్చే కోడ్‌నే మావాళ్ళు లైబ్రరీ అంటారు. దొరికిన లైబ్రరీ మంచు పట్టిన ఉదయాల్లో తేమని కూడా దుమ్ము కింద లెక్కగట్టేది. అందుకని సెలవుల్లో కూర్చుని కొత్తది రాశాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కోడ్ పైన రాసిన నా పేరు మాత్రం తీయకూడదు అన్న షరతుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను.

ఆ బోర్డుని మా లాబీలో పెట్టించింది ఎదురు ఫ్లాటు పెద్దమ్మ. తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఆమెకి ఉబ్బసం. పొద్దున్నే నడకకి వెళ్ళాలా వద్దా అని రోజూ బెంగే.

"అంకెలు నాకెందుకమ్మా? పోవచ్చునా, కూడదా, అది చెప్తే సాకు," అంది, చాలు అనడానికి కన్నడం మాట కలిపి.

బోర్డు మీది దీపాలకి ఆ పని అప్పజెప్పాను. గాలి బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టి, దాని కింద నా పేరు రాయించారు.

చలికాలం వచ్చేసరికి దీపం చాలా రోజులు ఎర్రగానే ఉండేది. ఒక ఆదివారం కమిటీ సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఐటీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు.

"మేడమ్, ఫ్లాట్ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ రెడ్ లైట్ చూసి లిఫ్ట్ కూడా ఎక్కట్లేదు. ఎరుపు వెలిగే లిమిట్ కొంచెం పెంచండి. చిన్న అడ్జస్ట్‌మెంటే కదా."

"అది ఆరోగ్యం కోసం పెట్టిన లిమిట్ అండీ. నా ఇష్టం కాదు," అన్నాను.

ఆయన కాఫీ తాగి, మా బాల్కనీ మొక్కలు మెచ్చుకుని వెళ్ళాడు.

తర్వాత కొద్ది రోజులకే దీపం ఆకుపచ్చగా మారింది. ముక్కు మూసుకుని నడవాల్సిన రోజున కూడా ఆకుపచ్చే. లోపలి కోడ్ విప్పి చూశాను. నా లైబ్రరీనే ఎవరో కాపీ తీసి ఒక్క వరస మార్చారు. వచ్చిన కొలతని సగానికి కోసి చూపిస్తోంది. పైన నా పేరు భద్రంగా ఉంది.

గేటు దగ్గర సెక్రటరీని ఆపాను. "కనీసం నా పేరు తీసేయండి."

"ఎలా తీస్తాం మేడమ్? తీయకూడదని మీరే కండిషన్ పెట్టారు."

"తీయొచ్చని నేనే రాసిస్తాను."

"ఎందుకు లెండి. మీ పేరుంటే జనానికి నమ్మకం."

నవ్వలేదు. చట్టాన్ని గౌరవించే మనిషిలా చెప్పాడు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగింది రాస్తే, కాసేపటికి నా మెసేజ్ మాయమైంది. పెద్దమ్మకి నేనే వెళ్ళి చెప్పాను. "ఆ దీపం అబద్ధం పెద్దమ్మా. దాన్ని నమ్మి నడకకి పోవద్దు."

ఆమె నన్ను అదోలా చూసింది. "అదేమప్పా అట్లంటావు? కింద నీ పేరే ఉండాది. కమిటీ మీద కోపంతో చెడు చెప్తాండావని సెక్రటరీ అన్నాడు. ఇన్నాళ్ళకి నాకు బయట నడిచేకి ధైర్యం వచ్చింది, దాన్ని చెరపొద్దు తల్లీ."

ఆ చలికాలం గడవకముందే పెద్దమ్మ చెరువు గట్టు మీద ఆయాసంతో కూలబడింది. ఆసుపత్రి నుంచి కూతురు ఆమెని దొడ్డబళ్ళాపురంలో తన ఇంటికే తీసుకెళ్ళింది. చూడ్డానికి వెళితే ఆ కూతురు నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

"మీ మిషన్‌ను నమ్మే కదా మా అమ్మ బయటికి పోయింది," అంది.

సంగతి చెప్పబోయాను. లోపల దగ్గు మొదలైంది, ఎంతకీ ఆగలేదు. ఆమె తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్ళింది. చాలాసేపు నిలబడ్డాను. ఆమె మళ్ళీ బయటికి రాలేదు.

ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లోంచి లైబ్రరీని తీసేశాను. అప్పటికే దాని కాపీలు ఎవరెవరి దగ్గరో ఉన్నాయి, లాబీలోది కూడా అలాగే నడుస్తోంది. ఇప్పుడు నేను లిఫ్టులో నేరుగా బేస్‌మెంట్‌కి దిగి, కార్లు వెళ్ళే దారిన బయటికి పోతున్నాను.