మేడ మీద రెండో భాగం

మొదటి భాగం విడుదలైనప్పుడు నా సినిమాను మూడో రోజే ఎత్తేశారు హాలు యజమాని. నరసాపురంలో ఆ పాత హాలు ఆయనది. ఆ ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ సినిమా హక్కులు కొన్నవాణ్ణి నేను. కుర్ర హీరో సినిమా వస్తోందని మాది తీసేశారు. అడగడానికి వెళితే టికెట్ల కిటికీ దగ్గర అందరి ముందూ అన్నారు: "మీ హీరో మోకాళ్ళు అరిగిపోయాయండి. ఇంకా ఉంచితే నా సీట్లూ అరిగిపోతాయి."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాతోపాటు ఇంటికొచ్చింది. అన్నం తింటున్నా వినబడేది.

రెండో భాగం తీస్తున్నారని తెలియగానే మొగల్తూరు దగ్గరి రొయ్యల చెరువు అమ్మి హక్కులు కొన్నాను. హీరోకు అరవై దాటింది, ఫైట్లలో సగం డూపే చేస్తున్నాడని తెలుసు. సినిమా ఆడుతుందా అని ఆలోచించలేదు. యజమాని వచ్చి నన్ను అడగాలి, నేను కాదనాలి. నాకు కావలసింది అదొక్కటే.

ప్రచారానికి పెట్టుకున్న డబ్బంతా ఆయన గేటుకు ఎదురుగానే పోశాను. వరసగా ఫ్లెక్సీలు, వాటి మీద జుట్టు నల్లగా ఉన్న రోజుల నాటి హీరో ముఖం. పల్లెల్లో ఒక్క పోస్టరూ అంటించలేదు. సినిమాను రోడ్డు చివర కొత్త కాంప్లెక్స్‌లో, మేడ మీది హాలుకు ఇచ్చాను.

అభిమాన సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చాడు. మోకాలికి పట్టీ.

"మొదటాట పాత హాల్లోనే పడాలండి. మా సెంటిమెంటండి. పైగా ఆ మేడ మెట్లు మా కుర్రాళ్ళు ఎక్కలేరు."

"కుర్రాళ్ళు ఎక్కలేకపోవడమేంటి?"

"కుర్రాళ్ళంటే మావాళ్ళేనండి. అందరికీ మనవలున్నారు."

"లిఫ్టుంది కదా."

"నలుగురు పడతారండి. డప్పులోళ్ళూ, పాలబిందెలూ ఎలాగ?"

నేను వినలేదు.

విడుదల రోజు పొద్దున్నే డప్పులు మోగాయి, పాత హాలు దగ్గర. సంఘంవాళ్ళు మూసిన గేటుకే కొబ్బరికాయలు కొట్టి, తెచ్చుకున్న కటౌటుకు పాలు పోసి, అక్కడే అరుగు మీద కూర్చున్నారు. నెలాగితే ఫోన్లో వస్తుందిలే అంటున్నాడొకడు. మేడ మీద ఖాళీ కుర్చీలు చూసి నేను పరుగున వచ్చాను.

యజమాని గేటు తీసుకుని బయటికొచ్చారు.

"మధ్యాహ్నం ఆట నుంచి నా హాల్లో వేసుకోండి. అప్పుడు నేనన్నది తప్పేనండి. అద్దె కూడా ఇవ్వక్కర్లేదు."

అధ్యక్షుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒప్పుకోండి బాబూ."

"కుదరదండి," అన్నాను యజమానితో. "మీ సీట్లు అరిగిపోతాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సోమవారానికి మేడ మీది హాలువాళ్ళూ సినిమా ఎత్తేశారు. పాత హాలు యజమాని మీద కోపం మాత్రం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. దానికి సిగ్గుపడుతున్నాను.

ఆ రోజు అధ్యక్షుడు నా చెయ్యి వదిలేసి, ఒక్కడే రోడ్డు చివరికి నడిచి, లిఫ్టు పనిచెయ్యక గోడ పట్టుకుని ఆ మెట్లెక్కాడు. మెట్టు మెట్టుకూ ఆగాడు. నేను వెనకే వెళ్ళి కింద నిలబడి చూశాను. కుదరదన్న మాట తీపి ఇంకా నోట్లోనే ఉంది. అతనికి చెయ్యి అందించాలని తోచలేదు.